‘మేమేం క్లాసులకు వెళ్లి కన్నామా?’ అనే అత్తగారికీ, ఆరో నెల కోడలికీ

మీరు అడిగింది ఇది: “తొలి కాన్పు, ఆరో నెల. తిరుపతిలో ఉంటున్నాం. ఆయనకు శ్రీసిటీలో షిఫ్టు ఉద్యోగం. పురిటికి పలమనేరులోని పుట్టింటికి వెళ్తాను. ఇక్కడ ఒకచోట కాబోయే తల్లిదండ్రులకు తరగతులు పెడుతున్నారు, ఫీజు వేలల్లో ఉంది. అత్తగారేమో ‘మేమేం క్లాసులకు వెళ్లి కన్నామా?’ అంటున్నారు. వెళ్తే ఉపయోగం ఉందా, డబ్బు దండగా?”

వెళ్లండి. కానీ మీరు ఊహిస్తున్న కారణానికి కాదు, ఒక్కరే వెళ్లడానికీ కాదు. ఆ కారణం కోసమే, ఒక్కరే వెళ్తే డబ్బు దండగే.

నేను లేబర్ రూముల్లో స్టాఫ్ నర్సుగా పనిచేశాను, ప్రభుత్వంలోనూ ప్రైవేటులోనూ. ఆ తర్వాత కొన్నేళ్లు ఇలాంటి తరగతులే చెప్పాను. ఇప్పుడు రెండూ మానేశాను కాబట్టి, మీరు చేరినా చేరకపోయినా నాకు వచ్చేదీ పోయేదీ లేదు.

ముందు అత్తగారి మాట. దాన్ని కొట్టిపారేయకండి, అందులో సగం నిజం ఉంది. ఆవిడ కూడా పాఠాలు నేర్చుకునే కన్నారు. ఆ బడి ఇంట్లోనే ఉండేది. అక్క పురుడు, పిన్ని పురుడు, పక్కింటి వదిన పురుడు చూసి, చంటిపిల్లలకు స్నానాలు పోసి, ఉయ్యాల ఊపి, ఉచ్చగుడ్డలు ఉతికిన తర్వాత తన వంతు వచ్చేది. ఇప్పటి అమ్మాయిల్లో చాలామంది జీవితంలో మొదటిసారి ఎత్తుకునే పసికందు తమ కడుపున పుట్టిన బిడ్డే. చేతులు వణకక ఏం చేస్తాయి? తరగతి అవసరం అక్కడ పుట్టింది, తెలివి తక్కువై కాదు.

మిగిలిన సగం కూడా చెప్పాలి. ఆ ఇంటి బడిలో మంచితో పాటు చెడ్డ పాఠాలూ ఉండేవి. ముర్రుపాలు పిండి పారబోయమన్నదీ ఆ బడే, బొడ్డు మీద పసుపో బూడిదో అద్దమన్నదీ ఆ బడే. ‘మాకేమైంది, మేం బాగానే ఉన్నాంగా’ అనగలిగేది బాగా ఉన్నవాళ్లే. పురిటిలో పోయినవాళ్లు వచ్చి పాఠం చెప్పరు.

ఇక తరగతులు అమ్మేవాళ్ల మాట. ‘మా దగ్గర చేరితే నార్మల్ డెలివరీ గ్యారంటీ’ అని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. అలాంటి గ్యారంటీ ఇవ్వగల తరగతి లేదు. ప్రసవానికి ముందు ఇచ్చే శిక్షణ మీద అప్పటికి జరిగిన పరిశోధనలను 2007లో కోక్రేన్ అనే అంతర్జాతీయ వైద్య సమీక్షల సంస్థ జల్లెడ పట్టింది. తొమ్మిది అధ్యయనాలు, రెండు వేల పైచిలుకు తల్లులు. అంతా చూసి, సాధారణ తరగతుల వల్ల ఫలితం ఎంతో గట్టిగా చెప్పలేమని తేల్చింది. అదే కోక్రేన్ వాళ్లు 2017లో మరో సమీక్ష చేశారు. నొప్పులు పడుతున్నంతసేపూ పక్కన ఒక మనిషి విడవకుండా ఉంటే ఏమవుతుందన్నది ప్రశ్న. దానికి జవాబు స్పష్టంగానే వచ్చింది. అలా తోడున్నవాళ్లకు నొప్పుల సమయం కొంత తగ్గింది, సహజ కాన్పులు పెరిగాయి, సిజేరియన్లు తగ్గాయి.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు అర్థమయ్యేది ఒకటే. గర్భిణి ఒక్కతీ కూర్చుని నోట్సు రాసుకుంటే పెద్దగా ఒరిగేది లేదు. ఆ రోజు పక్కన ఉండబోయే మనిషి, ఆ తర్వాత ఇంట్లో బిడ్డను ఎత్తుకోబోయే మనిషి వచ్చి వింటే ఉపయోగం. మీ విషయంలో మొదటి మనిషి మీ ఆయనో మీ అమ్మో. రెండో మనిషి ఎవరో మీకే తెలుసు.

కాన్పు భాగం గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అందరూ అడిగేది దాని గురించే, తరగతులన్నీ సాగదీసేదీ దాన్నే. శ్వాస పద్ధతులు ఫెర్నాండ్ లమాజ్ అనే ఫ్రెంచి డాక్టరు పేరుతో ప్రసిద్ధమయ్యాయి. ఆయన 1951లో సోవియట్ యూనియన్‌లో చూసివచ్చి, తన దేశంలో మొదలుపెట్టాడు. అవి పనికొస్తాయి. నొప్పిని పోగొట్టవు, బెదురును తగ్గిస్తాయి. బెదిరిన ఒళ్లు బిగుసుకుంటుంది, బిగుసుకున్న ఒంటికి నొప్పి ఎక్కువ. అయితే నాలుగు వారాల పాటు ఊపిరి తీయడమే నేర్పే తరగతికి వేలు పోయనక్కర్లేదు. అంతకంటే ముఖ్యం దశలు తెలిసి ఉండటం. అలిపిరి మెట్లెక్కినవాళ్లకు తెలుసు, మోకాళ్ల మిట్ట వచ్చేది దాదాపు చివర్లో. ఆ సంగతి తెలియనివాడు అక్కడ ‘ఇంకెంత దూరమో, నావల్ల కాదు’ అని కూలబడతాడు. తెలిసినవాడు ‘మిట్ట వచ్చిందంటే కొండ వచ్చినట్టే’ అనుకుంటాడు. కాన్పులోనూ గర్భసంచి ముఖద్వారం పది సెంటీమీటర్లు తెరుచుకోబోయే ముందు తల్లి ‘ఇక నావల్ల కాదు, ఆపరేషన్ చేసేయండి’ అని ఏడుస్తుంది. అప్పుడు పక్కనున్న మనిషికి ఆ దశ పేరు తెలియకపోయినా ఫరవాలేదు, అది చివరి దశకు గుర్తని తెలిస్తే చాలు. తెలియని భర్త ఆ నిమిషంలో డాక్టరు గది తలుపు కొడతాడు.

ఆస్పత్రికి ఎప్పుడు బయల్దేరాలన్నది కూడా తరగతిలో తేలాలి. తొలి కాన్పు అయితే, అయిదు నిమిషాలకోసారి వచ్చి నిమిషం పాటు నిలిచే నొప్పులు గంటసేపు అలాగే వస్తుంటే బయల్దేరవచ్చని సాధారణ లెక్క. నడిస్తే, పడుకుంటే తగ్గిపోయేవి దొంగ నొప్పులు. ఈ లెక్క ఇల్లు ఆస్పత్రికి దగ్గరైతేనే. మీ ఇల్లు పలమనేరు ఊళ్లోనా, చుట్టుపక్కల పల్లెలోనా రాయలేదు. పల్లె అయితే ఇంకా ముందే కదలాలి. ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలికలు తగ్గినా, విపరీతమైన తలనొప్పి వచ్చి కళ్లు మసకబారినా నొప్పుల లెక్క చూడకూడదు, నెలలు నిండలేదనీ ఆగకూడదు, వెంటనే 108కి ఫోను చేయాలి. రక్తపోటు 140/90 తాకిందంటే ‘కాస్త ఉప్పు తగ్గిస్తే సరిపోతుంది’ అనే సలహా వినకండి, ఆ రోజే డాక్టరుకు చూపించండి.

మీ ప్రశ్నలో నన్ను ఆలోచింపజేసింది ఫీజు కాదు, పలమనేరు. తిరుపతిలో తరగతి వింటారు, తిరుపతిలో ఒక డాక్టరుకు చూపించుకుంటారు, కాన్పు ఇంకో ఊళ్లో ఇంకెవరి చేతుల మీదుగానో. మన వైపు తొలి కాన్పులు చాలా ఇలాగే జరుగుతాయి. సీమంతం అయ్యాక చీర సారెతో పాటు ఫైలు కూడా సర్దుకుని వెళ్లాలన్నది ఎవరికీ గుర్తుండదు. తల్లీబిడ్డల సంరక్షణ కార్డు, స్కానింగు రిపోర్టులు, రక్తం గ్రూపు కాగితం, ఏ మందులు ఎంత మోతాదులో వాడుతున్నారో రాసిన చీటీ ఒకే సంచిలో ఉండాలి. ఎనిమిదో నెలలోనే అక్కడి ఆస్పత్రికి ఒకసారి వెళ్లి చూసి రండి. లేబర్ రూము ఎక్కడ, రాత్రి రెండింటికి వెళ్తే ఏ గేటు తెరిచి ఉంటుంది, మత్తు డాక్టరు అక్కడే ఉంటారా పిలిస్తే వస్తారా, పిల్లల డాక్టరు ఉన్నారా, రక్తం కావాలంటే ఎక్కడి నుంచి తేవాలి, అవసరమైతే చిత్తూరుకు పంపుతారా తిరుపతికా? ఈ జవాబులు మీ ఆయన ఫోనులో రాసి ఉండాలి. మంచి తరగతి మీ చేత ఈ ప్రశ్నలన్నీ అడిగిస్తుంది.

తోడు విషయం కూడా ఆ ఆస్పత్రిలోనే అడిగేయండి. కాన్పు సమయంలో తల్లి వెంట ఒక తోడు మనిషిని అనుమతించాలని కేంద్ర ప్రభుత్వం 2016లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రభుత్వ ఆస్పత్రుల్లో మిగతా తల్లుల మరుగు కోసం సాధారణంగా ఆడమనిషినే రానిస్తారు. ప్రైవేటులో భర్తను రానిచ్చేవీ ఉన్నాయి, ఎవరినీ రానివ్వనివీ ఉన్నాయి. ఎవరు ఉండబోతున్నారో తేలితే, ఆ మనిషికి పాఠం చెప్పించవచ్చు. నడుము కింది భాగాన్ని అరచేత్తో ఎలా అదిమి పట్టాలి, ఎప్పుడు నీళ్లు తాగించాలి, ఎప్పుడు నోరు మూసుకుని ఊరికే చెయ్యి పట్టుకోవాలి. చివరిది నేర్పడమే కష్టం, ముఖ్యంగా అమ్మలకు.

మన రాష్ట్రంలో సిజేరియన్ల లెక్క కూడా తెలిసి ఉండాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు ఆపరేషన్లే. ప్రైవేటు ఆస్పత్రుల్లో అది అరవై దాటింది. మీరు నేర్చుకునే శ్వాస పద్ధతుల కంటే మీరు ఎంచుకునే ఆస్పత్రి ఎక్కువ ప్రభావం చూపుతుందని దీన్నిబట్టే తెలుస్తుంది. సిజేరియన్ చెడ్డదని నేననను. అవసరమైనప్పుడు అది ప్రాణం. ‘ఎందుకు చేస్తున్నారు, ఇంకో గంట ఆగితే ఏమవుతుంది, బిడ్డ గుండె ఎలా కొట్టుకుంటోంది’ అని మర్యాదగా అడగడం నేర్చుకున్న దంపతులకు, ఆపరేషన్ జరిగినా మనసులో ముల్లు మిగలదు. ఏమీ తెలియకుండా సంతకం పెట్టినవాళ్లకు ఏళ్ల తరబడి ఆ అనుమానం పోదు.

ముహూర్తం మాట కూడా ఇక్కడే. తిరుపతిలో ఉంటూ ఇది మాట్లాడకుండా ఎలా? ఆపరేషన్ ఎటూ తప్పదని డాక్టరు ముందే తేల్చినప్పుడు, 39 వారాలు నిండాక ఉన్న రోజుల్లో మంచి రోజు చూసుకుంటే ఎవరికీ నష్టం లేదు. నక్షత్రం కోసం 37వ వారానికి లాగితే మాత్రం బిడ్డకు ఆయాసం వచ్చి అద్దాలపెట్టెలో పెట్టాల్సిన ముప్పు పెరుగుతుంది. ఈ సంగతి మీ మామగారికి మీరు చెబితే వినకపోవచ్చు. తరగతిలో పిల్లల డాక్టరు నలుగురి ముందు చెబితే వింటారు. పెద్దల్ని తరగతికి తీసుకెళ్లమనడానికి ఇదొక కారణం.

అసలు విషయానికి ఇప్పుడు వస్తాను. తరగతిలో మీ డబ్బుకు విలువ వచ్చేది కాన్పు పాఠంలో కాదు, కాన్పు తర్వాతి పది రోజుల పాఠంలో. చాలామంది ఆ చివరి తరగతి ఎగ్గొడతారు, అప్పటికే పుట్టింటికి వెళ్లిపోయి ఉంటారు. కాన్పు ఒక రోజులో అయిపోతుంది, ఆ రోజు చుట్టూ డాక్టరు, నర్సు, ఆయా అందరూ ఉంటారు. మూడో రాత్రి ఇంట్లో బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే ఎవరుంటారు? నిద్రలేని మీరు, కంగారుపడే మీ అమ్మ, ఫోనులో మీ అత్తగారు. ‘పాలు పడలేదు, బిడ్డ ఆకలికి ఏడుస్తోంది, డబ్బాపాలు తెప్పించండి’ అన్న తీర్పు వెలువడేది ఆ రాత్రే.

ఆ రాత్రికి కావలసిన సమాచారం ఏమంత పెద్దది కాదు, కానీ అందరూ ముందే విని ఉండాలి. మొదటి రోజు బిడ్డ పొట్టలో పట్టేది ఒక చెంచా పాలు, అంటే అయిదారు మిల్లీలీటర్లు. ముర్రుపాలు అంతే వస్తాయి, అంతే చాలు. పాలు నిండుగా దిగేది సాధారణంగా మూడు నాలుగు రోజులకు. ఆపరేషన్ అయితే ఇంకొంచెం ఆలస్యం కావచ్చు. మొదటి రోజుల్లో బిడ్డ బరువు కొంత తగ్గడం మామూలే. పుట్టిన బరువులో పది శాతం దాకా తగ్గితే మాత్రం డాక్టరు చూడాలి. రెండు వారాలకు పుట్టిన బరువు తిరిగి రావాలి. పాలు చాలుతున్నాయా లేదా అన్నది ఏడుపుతో కాదు, మూత్రంతో తెలుస్తుంది. అయిదో రోజు దాటాక రోజుకు ఆరుసార్లు ఉచ్చ పోస్తుంటే చాలుతున్నట్టే. ఈ ఒక్క మాట ఇంట్లో అందరికీ తెలిసి ఉంటే ఎన్ని డబ్బాలు కొనకుండా మిగిలేవో! పట్టించే తీరు కూడా అంతే. బిడ్డ నోట్లోకి చనుమొన ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న నల్లని భాగం కూడా చాలావరకు వెళ్లాలి. అలా వెళ్లకపోతే మొన పగులుతుంది, తల్లి పళ్లు బిగపట్టి ఇస్తుంది, పాలు గడ్డకడతాయి, జ్వరం వస్తుంది. ఇది ఫోనులో చూసి నేర్చుకోవడం కష్టం. బొమ్మను ఇచ్చి, పక్కన కూర్చుని చేయి పట్టి చూపించే తరగతి అయితే దీనికే సగం ఫీజు ఇచ్చేయవచ్చు.

పుట్టిన గంటలోపే పాలు పట్టడం, ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప నీళ్లు కూడా ఇవ్వకపోవడం ఇప్పుడు చాలామందికి తెలుసు. తెలిసినా ఆగదు. పెద్దాయన తేనె నాకిస్తారు, ఎవరో చక్కెర నీళ్లు తాగిస్తారు. ఏడాది లోపు బిడ్డకు తేనె వద్దు, అందులో ఉండే ఒక రకం సూక్ష్మజీవి ఆ వయసు పేగుల్లో విషం పుట్టించగలదు. పుట్టిన మొదటి రోజు స్నానం వద్దు, ఒళ్లు చల్లబడుతుంది. కంటికి కాటుక వద్దు, చాలా కాటుకల్లో సీసం ఉంటుంది. చెవుల్లో ముక్కులో నూనె వద్దు. సాంబ్రాణి పొగ చూపించే ఆచారం మన ఇళ్లలో గట్టిగా ఉంది, వాసన నాకూ ఇష్టమే. కానీ ఆ ఊపిరితిత్తులకు పొగ పొగే. స్నానానంతరం బిడ్డ తల పొడి తువ్వాలుతో తుడిస్తే చాలు. నూనె మర్దనా గురించి మాత్రం అత్తగారి పక్షమే నేను, గట్టిగా పిసకనంత వరకు. ఉయ్యాల పాట గురించి అయితే పూర్తిగా ఆవిడ పక్షం.

పచ్చకామెర్ల దగ్గర జాగ్రత్త. మూడు నుంచి అయిదో రోజు మధ్య కాస్త పసుపు కనిపించడం చాలామందిలో సహజం. మొదటి ఇరవై నాలుగు గంటల్లోనే కనిపించినా, అరచేతులూ అరికాళ్లూ పసుపెక్కినా, బిడ్డ పాలకు లేవకుండా మగతగా ఉన్నా ఎండలో పెడుతూ కూర్చోకూడదు. కామెర్లకు ఆస్పత్రిలో పెట్టే నీలి దీపానికి కిటికీ ఎండ బదులు కాదు.

బాలింత పథ్యం మీద పెద్ద యుద్ధం చేయకండి. వెల్లుల్లి కారం, మిరియాల చారు, బెల్లం పెడితే తినండి, హాని లేదు. నీళ్లు తక్కువ తాగమంటే మాత్రం వినకండి. పాలిచ్చే తల్లికి దాహం వేసినప్పుడల్లా నీళ్లు కావాలి. పప్పు, గుడ్డు, ఆకుకూర, పెరుగు మానమన్నా వినకండి. మన రాష్ట్రంలో గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారని అదే సర్వే చెప్పింది. కాన్పులో రక్తం పోయాక పథ్యం పేరుతో కడుపు మాడిస్తే ఆ తల్లి ఎప్పటికి తేరుకోవాలి?

తల్లి మనసు గురించి ఏ తరగతీ సరిగ్గా చెప్పదు. కాన్పయిన మొదటి వారంలో కారణం లేకుండా ఏడుపు రావడం చాలామందికి జరుగుతుంది, రెండు వారాల్లో సర్దుకుంటుంది. సర్దుకోకపోతే, బిడ్డను చూడాలనిపించకపోతే, బిడ్డ నిద్రపోయినా నిద్ర పట్టకపోతే, చచ్చిపోదామనిపిస్తే అది గాలి సోకడమూ కాదు, పొగరూ కాదు. వైద్యం ఉన్న జబ్బు. 14416 అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరుకు (టెలీ మానస్) ఎప్పుడైనా, ఉచితంగా, తెలుగులో మాట్లాడవచ్చు. ఈ నంబరు మీకంటే మీ ఆయన దగ్గర ఉండటం ముఖ్యం. మునిగిపోతున్న మనిషికి ఫోను చేయాలన్న ఆలోచనే రాదు.

డబ్బు కట్టే ముందు కొన్ని గమనించండి. తరగతిలో డబ్బాపాల కంపెనీ మనిషి ఉన్నా, నమూనా డబ్బా చేతిలో పెట్టినా అక్కడ ఉండకండి. శిశు ఆహారాన్ని అలా ప్రచారం చేయడం 1992 చట్టం ప్రకారం నేరం. బొడ్డుతాడు రక్తం దాచుకోమని లక్ష మాటలు చెప్పే ఏజెంటు వస్తే ఇంటికెళ్లి ఆలోచిస్తామనండి. సొంత బిడ్డ భవిష్యత్తు కోసమని ప్రైవేటు బ్యాంకులో దాచడాన్ని భారతీయ వైద్య పరిశోధన మండలి సమర్థించలేదు. పుట్టబోయే బిడ్డకు తెలివి పెంచుతామనే శిబిరాలూ వచ్చాయి. కడుపులోని బిడ్డకు ఆరో నెల నుంచి శబ్దాలు వినిపిస్తాయి, పుట్టగానే అమ్మ గొంతు గుర్తుపడుతుంది, ఇది నిజం. కాబట్టి అన్నమయ్య కీర్తన పాడుకోండి, మీకు హాయిగా ఉంటుంది. దానికి ప్యాకేజీ ఎందుకు?

మంచి తరగతి ఎలా ఉంటుందంటే, చెప్పేవాళ్లు లేబర్ రూములో పనిచేసినవాళ్లు అయి ఉంటారు, పాతిక మందిని కాకుండా కొద్ది జంటల్ని కూర్చోబెడతారు, సగం సమయం బిడ్డ పుట్టిన తర్వాతి సంగతులకు ఇస్తారు, అత్తలనూ అమ్మలనూ రమ్మంటారు. ఏడో నెలలో మొదలుపెట్టి, పుట్టింటికి వెళ్లేలోపు ముగించుకోండి. మీ ఆయన షిఫ్టు కుదరకపోతే పాలు పట్టే పాఠం, తోడు పాఠం జరిగే రెండు రోజులకైనా సెలవు అడగమనండి. మీరు ప్రసూతి చట్టం వర్తించే ఉద్యోగం చేస్తుంటే 26 వారాల సెలవు మీకు ఉంటుంది. ప్రైవేటు ఉద్యోగంలో తండ్రికి అలాంటి చట్టం లేదు, కంపెనీ దయ. అందుకే కాన్పు సెలవు గురించి ఆయన ఇప్పుడే సూపర్‌వైజరుతో మాట్లాడి పెట్టుకోవాలి.

ఫీజు భారమనిపిస్తే ఇంకో దారి ఉంది. 2016 నుంచి ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆస్పత్రుల్లో గర్భిణులకు ప్రత్యేకంగా ఉచిత పరీక్షలు చేస్తున్నారు. తిరుపతి ప్రభుత్వ ప్రసూతి ఆస్పత్రిలోనైనా, పలమనేరులోనైనా వెళ్లండి. రద్దీ ఉంటుంది, నిలబడాలి, కానీ ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్తే సమాధానం చెప్పే నర్సు ఒకరు దొరుకుతారు. మీ సంరక్షణ కార్డులో ప్రమాద సూచనలు, పాలు పట్టే తీరు బొమ్మలతో సహా ఉన్నాయి. దాన్ని పరీక్షల అంకెలు రాయడానికే అనుకుంటారు, ఒక సాయంత్రం ఇంట్లో అందరూ కూర్చుని చదవండి. ఆస్పత్రి కాన్పు తర్వాత ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి రావాలి. పుట్టింట్లో ఉంటే తిరుపతి ఆశాకు మీరెక్కడున్నారో తెలియదు. పలమనేరు వెళ్లిన వారంలోనే అక్కడి ఏఎన్ఎం (ప్రభుత్వ ఆరోగ్య కేంద్రం నర్సు) దగ్గర పేరు రాయించుకోండి.

అత్తగారిని ఎలా ఒప్పించాలని కదా మీ బాధ. ‘క్లాసుకు వెళ్తాను’ అనకండి. ‘అత్తయ్యా, చంటిబిడ్డకు పాలు పట్టడం, నీళ్లు పోయడం నేర్పిస్తారట, మీరూ వస్తే వాళ్లు చెప్పేది సరిగ్గా ఉందో లేదో మీరే చూడొచ్చు’ అనండి. నేను తరగతులు చెప్పిన రోజుల్లో తప్పులు పట్టడానికి వచ్చిన అత్తలే ముందు వరసలో కూర్చునేవారు. అందరికంటే ఎక్కువ ప్రశ్నలు వాళ్లవే, బొమ్మను కింద పెట్టకుండా ఎత్తుకునేదీ వాళ్లే.